బుడ్డమ్మకు మారుగా వచ్చిన పెట్టె

“కుప్పమ్మా, నీ కొడుకును ఆ పెట్టె ముందర నుంచి లెయ్యమను. సంగటి సల్లారిపోతాండాది.”

దేవప్ప ఈ మాట అన్నప్పుడు కొడుకు బాలాజీ ఆయనకు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే కూర్చుని ఉన్నాడు. అయినా మాట మాత్రం ముందు వంటింట్లోని కుప్పమ్మ దగ్గరికి పోవాలి, అక్కడ కాసేపు ఆగి వెనక్కి రావాలి. వారం రోజులుగా ఆ ఇంట్లో మాటలన్నీ ఇలా చుట్టుతిరుగుడు బస్సెక్కి ప్రయాణం చేస్తున్నాయి.

“ఒరే, మీ నాయన తినమంటాండాడు.”

“ఆకలి లేదని చెప్పుమా.”

“ఆకలి లేదంట.”

“ఇనపడింది. నాకేమీ చెవుడు లేదు.”

ఖాళీ కొట్టం ఊడుస్తున్న కోడలు నాగవేణి చీపురు ఆపలేదు. “అత్తా, నీ కొడుకుకు కాఫీ అన్నా కావాలేమో అడుగు. పాలు మాత్రం లేవు. పాలిచ్చేదాన్ని అమ్ముకున్నోళ్ళు డికాషనే తాగాల.”

“అమ్మలేదు. మార్చుకున్నా,” అన్నాడు బాలాజీ తల ఎత్తకుండా.

“అత్తా, నేను నీతో మాట్లాడతాండా.”

కుప్పమ్మ గరిటె గట్టు మీద టంగుమని పెట్టింది. “నేను మనిషినా, పోస్టాఫీసునా? రేపు సంత. రేపటితో మీ పంచాయితీ తెగకపోతే నేను పెద్దపంజాణికి పోయి వియ్యపురాలి ఇంట్లో కూర్చుంటా.”

రేపు సంత అన్న మాట ముగ్గురికీ తగలవలసిన చోటే తగిలింది.

పుంగనూరంతా ఆ వారం ఇదే కథ. అరవై ఏళ్ళు సంతలో పశువులకు ధర కట్టి బతికిన దళారి దేవప్ప ఇంట్లోంచి, సాక్షాత్తూ ఆయన కొడుకే, పుంగనూరు ఆవును తోలుకుపోయి కుప్పంలో ఇచ్చేసి పాత కంప్యూటరు తెచ్చుకున్నాడని టీకొట్ల దగ్గర చెప్పుకుని నవ్వుతున్నారు. నవ్వరా మరి? దేవప్ప అయినా, వేరే వాళ్ళ ఇంట్లో జరిగి ఉంటే నవ్వేవాడే.

ఆవు పేరు బుడ్డమ్మ. మూడడుగుల ఎత్తు కూడా ఉండదు. తెల్లగా, గుమ్మం దాటి వంటింట్లోకి తల పెట్టి బెల్లం ముక్క అడిగే రకం. అది నాగవేణిది. కూతురు శ్రుతి పుట్టినప్పుడు బిడ్డకు పాలకు కొదవ ఉండకూడదని నాగవేణి తల్లి పాపమ్మ పెద్దపంజాణి నుంచి దూడగా తెచ్చి కట్టింది. ఎనిమిదేళ్ళు నాగవేణే కడిగింది, మేపింది, మూడు ఈతలకు మంత్రసాని అయింది. తల్లికి జ్వరమని శ్రుతిని వెంటబెట్టుకుని నాలుగు రోజులు ఆమె ఊరికి పోయిన సమయం చూసి బాలాజీ బుడ్డమ్మను ఆటోలోకి ఎక్కించాడు. పొట్టి ఆవు కదా, ఆటోలో పట్టింది. పాలు మరవని చిన్న దూడను కూడా వదలలేదు, దాన్నీ పక్కనే కూర్చోబెట్టాడు.

నాగవేణి తిరిగి వచ్చి ఖాళీ గుంజ చూసింది. దసరా సెలవులు అయ్యేదాకా శ్రుతిని అమ్మమ్మ దగ్గరే ఉండమని కబురు పెట్టింది. బిడ్డకు ఏమని చెప్పాలో ఆమెకు తెలియలేదు.

ఒక్క ఆశ మిగిలి ఉంది. పుంగనూరు సంతలో మారుబేరానికి ఒక పద్ధతి ఉంది. ఈ సంత నుంచి ఆ సంత దాకా గడువు. గొడ్డు మేత తింటుందా, పాలు చేపుతుందా అని ఇద్దరూ చూసుకోవచ్చు. నచ్చకపోతే ఎవరిది వాళ్ళకు తోలేయవచ్చు. అందాకా పాత పలుపుతోనే ఉంచాలి. కొత్త పలుపు వేస్తే బేరం తెగినట్టు, ఇక తిరుగు లేదు. కుప్పంలో ఆవును తీసుకున్న రిటైర్డు లెక్చరరు మధుసూదన్ సారు ఈ పద్ధతికి ఒప్పుకున్నాడు. ఆ గడువు రేపు మధ్యాహ్నంతో సరి.

ఇక పెట్టె సంగతి. ఆ పెట్టె పేరు చకోర్. టైపుమిషనూ, లోపలి యంత్రమూ ఒకే డబ్బాలో ఉంటాయి, టీవీకి తగిలించుకోవాలి. నలభై ఏళ్ళ కిందట బెంగుళూరులో ఒక చిన్న కంపెనీ మూడొందలు చేసి మూతపడింది. మదనపల్లె బస్టాండు వెనక మెట్ల కింద గదిలో కంప్యూటర్లు బాగుచేసుకునే బాలాజీ, కుప్పంలో చదువుకునేటప్పుడు మొదటిసారి వేలు పెట్టింది ఇట్లాంటి దాని మీదే. పోయిన నెల సారు ఇంట్లో అటక మీద అదే కనబడింది. ఇంటికొచ్చి నెట్‌లో వెతికితే పన్నెండు లక్షలని ఎవరో పెట్టి ఉన్నారు. సారుకు డబ్బు మీద ఆశ లేదు, పుంగనూరు ఆవు మీద ఉంది. ఆ రాత్రి బాలాజీ మెట్ల కింద గది వదిలి రోడ్డు మీద అంగడి పెట్టినట్టు కలగన్నాడు. పెళ్ళాన్ని అడగాలన్న ఆలోచన ఆ కలలోకి రాలేదు.

“మధ్యాహ్నం మూడుకు ఆ అమ్మాయి వస్తాది,” అన్నాడు బాలాజీ గోడతో. “బెంగుళూరులో పాత యంత్రాలకు ధర కట్టేది ఆమె పనే. ఆమె వచ్చి సూసినాక తెలుస్తాది, ఎవురు ఎర్రోళ్ళో.”

“కుప్పమ్మా, అది అందరికీ ఇప్పుడే తెలుసునని చెప్పు.”

బాలాజీ చెప్పులేసుకుని బయటికి పోయాడు. రెండు నిమిషాల్లో వెనక్కి వచ్చి ఫోన్ తీసుకుని మళ్ళీ పోయాడు. ఇంకాసేపటికి వచ్చి పెట్టె మీద దుప్పటి సరిగ్గా కప్పి ఉందో లేదో చూసి, మూడోసారి పోయాడు.

*

కొడుకు మలుపు తిరిగాడని రూఢి చేసుకున్నాక దేవప్ప లేచాడు. పెట్టెను రెండు చేతులతో ఎత్తుకుని వసారాలోకి తెచ్చాడు. పాత పంచె గుడ్డ చింపి, కొబ్బరినూనె గిన్నె పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

నాగవేణి చీపురు పట్టుకునే చూసింది. “ఏం చేస్తాండావు మామా?”

“ఏముంది, తుడస్తాండా. సంతకు తోలే ముందర గొడ్డును కడగమా? కొమ్ములకు నూనె పెట్టమా?”

“నువ్వు కూడా ఆయన పక్కకే పోతివా?”

దేవప్ప గుడ్డ ఆపలేదు. “వాడు చేసింది తప్పే. నా నోటితో నేను వాన్ని పలకరించను. అయినా బయటి మనిషి వచ్చి చూసేటప్పుడు ఈ ఇంటి సరుకు నాసిగా కనపడకూడదమ్మా. నాకు సిగ్గు.”

నాగవేణికి ఒళ్ళు మండింది. కొడుకు మీద కోపం మాటల వరకే, చేతులకు రాలేదు ముసలాయనకు. వారంగా ఈ ఇంట్లో తన తరఫున ఉన్నది ఈయన ఒక్కడే అనుకుంది. ఇప్పుడు ఆ ఒక్కడూ ఆ పెట్టెకు నూనె పెడుతున్నాడు.

ఆయన మీటలన్నీ ఒక్కొక్కటిగా తుడిచాడు. పక్కలు తుడిచాడు. తరువాత పెట్టెను మెల్లగా బోర్లా తిప్పాడు. అడుగున అరచేయంత కాగితం చీటీ, అంచులు నల్లబడి, అంటించి ఉంది.

“ఇదేందో రాసిండాది. సదువు.”

పదో తరగతి దాకా చదివిన నాగవేణి వంగి అక్షరాలు కూడబలుక్కుంది. “సాంపుల్... నంబరు మూడు. నాట్ ఫర్ సేల్.”

“అంటే?”

“అమ్మకానికి కాదు అని, మామా.”

దేవప్ప ముఖం చిట్లించాడు. “ధర కట్టను వచ్చే మనిషికి మొట్టమొదట ఇదా కనపడాల? నొసట చెడ్డ సుడి ఉండే ఎద్దును ఎవురన్నా కొంటారా? ఎంత మంచి ఎద్దయినా సుడి సూస్తానే ఎనక్కి తిరుగుతారు.” ఆయన గొంతు తగ్గించాడు. “వయసులో ఉన్నప్పుడు ఇట్లాటి సుడులు నేను శానా మాపినా. గొప్పని చెప్పటం లేదు.”

చీటీ అంచులకు నూనె రాసి నానబెట్టాడు. పాత బ్లేడు ముక్క కిందికి పోనిచ్చి, తోలు ఒలిచే మనిషంత ఓపికగా లేపాడు. చిరుగు పడకుండా ఆకులా ఊడి వచ్చింది. దాన్ని వసారా కిందికి విదిల్చి మిగిలిన జిగురు తుడవడంలో పడ్డాడు.

నాగవేణి చీపురు దాని దగ్గరికి వచ్చి ఆగింది. అక్షరం ఉన్న కాగితాన్ని చీపురుతో ఊడవకూడదు, కాలితో తొక్కకూడదు. చిన్నప్పుడు పాపమ్మ నేర్పింది. వంగి తీసి, నుదుటికి ఆనించుకుని, తరువాత దేవుడి గూట్లో పెట్టవచ్చులే అని కొంగున ముడి వేసుకుంది.

అమ్మకానికి కాదు. బుడ్డమ్మ మెడలో కూడా ఇట్లాంటి చీటీ ఒకటి కట్టి ఊరికి పోయుంటే బాగుండేది అనుకుంది. ఏడుపొచ్చింది. చీపురు గట్టిగా పట్టుకుని మిగిలిన వాకిలి ఊడ్చింది.

*

మూడు గంటలకని మూడున్నరకు వచ్చింది జాహ్నవి. ముప్పై ఏళ్ళుంటాయేమో. మదనపల్లె పిల్లే, బెంగుళూరులో ఉంటోంది. వస్తూనే చేతులు కడుక్కుని తుడుచుకుంది. సంచీలోంచి మెత్తటి గుడ్డ తీసి పరిచి, దాని మీద పెట్టెను పెట్టించుకుంది.

“ఆన్ చేసి సూపిస్తా ఉండుమా,” అని బాలాజీ వైరు తీసుకున్నాడు.

“వద్దన్నా! నలభై ఏండ్లు పండుకున్న యంత్రానికి ఒక్కసారిగా కరెంటు ఇస్తే లోపల పగిలిపోతాది. ఆడతాందో లేదో తరువాత. ముందర ఇది ఏందో తెలియాల.”

“నెట్‌లో పన్నెండు లక్షలని ఉండాది.”

“తెలుసు. ఆ పేజీ మూడేండ్లుగా అట్లనే ఉండాది.”

స్తంభానికి ఆనుకుని, తనకేమీ పట్టనట్టు కూర్చున్న దేవప్పకు చెవులు నిక్కాయి. “అంటే మూడేండ్లుగా ఎవురూ కొనలేదనా?”

“అవును తాతా. అడిగే ధర ఎవురైనా అడగొచ్చు. అమ్ముడుపోయిన ధరే లెక్క.”

“నేను అరవై ఏండ్లు చెప్పిందీ అదే!” దేవప్ప స్తంభం వదిలి దగ్గరికి జరిగాడు. “కుప్పమ్మా, ఇను. గుంజకు కట్టేసిన ఎద్దు ధర ధర కాదు. గుంజ నుంచి ఇప్పిన ఎద్దు ధరే ధర.”

బాలాజీ లేచి వాకిట్లో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు.

జాహ్నవి మూతకు బిగించిన స్క్రూలు చూసింది. వాటి గీతల మీద గీరుడు లేదు, అంటే ఇంతవరకు ఎవరూ విప్పలేదు. అది మంచిదని చెప్పింది. రంగు పసుపుకు తిరిగింది, ఫరవాలేదు, వయసుకు తగిన రంగే. అట్టపెట్టె లేదు, పుస్తకం లేదు, రెండూ లోటే. తరువాత మూత విప్పి, నుదుటికి చిన్న లైటు కట్టుకుని లోపలికి వంగింది.

“ఏం సూస్తాండావమ్మా?” అన్నాడు దేవప్ప.

“ఈ నల్ల పురుగుల మాదిరి ఉండాయి సూడు, వీటి మీద ఏ సంవత్సరం, ఎన్నో వారం చేసినారో అచ్చేసి ఉంటాది. అమ్మేవాడు ఏం చెప్పినా ఇవి అబద్ధం చెప్పవు.”

“పండ్లు!” దేవప్ప ముఖం వెలిగింది. “గొడ్డు పండ్లు సూసినట్టు. ఒరే, ఈ పిల్లకు పని తెలుసురా!”

ఆ ‘ఒరే’ నేరుగా కొడుకునే అన్నాడు. అన్నాక తనకే తెలిసి నాలుక కరుచుకున్నాడు. కుప్పమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి కళ్ళు ఒత్తుకుంది.

జాహ్నవి మాత్రం మాట్లాడటం మానేసింది. ఒకదాని తరువాత ఒకటి చూసింది, మళ్ళీ మొదటినుంచి చూసింది. పుస్తకంలో ఏదో రాసుకుంది.

“అన్నా, ఇవన్నీ ఎనభై మూడు, పదకొండో వారం లోపలివే. ఆ కంపెనీ అంగళ్ళకు పంపింది ఎనభై నాలుగులో. ఇది అంతకు ముందరే పుట్టింది.”

“అంటే?”

“సూసి చెప్పండి అని కాలేజీ వాళ్ళకు అయిదు నమూనాలు ఇచ్చినారు. వాటిలో రెండే ఇంతవరకు బయటపడినాయి. పోయినేడు ఒకటి తొమ్మిది లక్షలకు పోయింది. నేనే ధర కట్టినా.”

బాలాజీ తిరగడం ఆపాడు. నాగవేణి చెయ్యి తనకు తెలియకుండానే కొంగు ముడి మీదికి పోయింది.

“నమూనా అయితే అడుగున కంపెనీ చీటీ ఉంటాది,” అంటూ జాహ్నవి మూత బిగించి పెట్టెను బోర్లా తిప్పింది.

అడుగంతా పసుపు తిరిగి ఉంది. మధ్యలో అరచేయంత మేర మాత్రం తెల్లగా, నూనెతో నిగనిగలాడుతోంది.

“ఈడుండిన చీటీ యాడికి పోయింది?”

“ఉన్నింది! నేను తెచ్చిన దినం ఉన్నింది,” అన్నాడు బాలాజీ.

“ఫొటో తీసినావా అన్నా?”

“పైన తీసినా. పక్కలు తీసినా. అడుగు...” బాలాజీ ఫోన్‌లో ఫొటోలు ముందుకూ వెనక్కూ జరిపాడు. ఉన్నవి నాలుగే. “అడుగు తియ్యలేదు.”

“చీటీ లేకపోతే కష్టం. లోపలివి ఎవురో మార్చి పెట్టినారంటారు. కొనేవాడు నమ్మడు.”

“ఎంతొస్తాది?”

“నలభై వేలు. తెగించి అడిగితే యాభై.”

రెండు లక్షలు చేసే ఆవు. నలభై వేల పెట్టె. ఈ లెక్క కట్టడానికి దళారి అక్కరలేదు.

“నేనే గీకేసినానురా,” అన్నాడు దేవప్ప.

వారం తరువాత తండ్రి కొడుకుతో పలికిన నిండు మాట అదే.

“ఏమంటివి?”

“పొద్దున తుడిస్తి. అమ్మకానికి కాదని రాసిండాదంటే, వచ్చినామె చూస్తే ధర పడిపోతాదనుకుంటి. సుడి అనుకుంటిరా.”

బాలాజీ తండ్రి మీదికి వచ్చాడు. “ఎవురు అడిగినారు నిన్ను? వారం దినాలుగా ముఖం సూడవు, మాట ఆడవు, ఈ పొద్దే నా పెట్టె మీద ప్రేమ పుట్టిందా? అరవై ఏండ్లు సంతలో సుడులు దాచి దాచి జనాల్ని ముంచితివి. ఇంట్లో మిగిలింది నేనొక్కన్నే. నన్నూ ముంచితివి.”

“ఒరే!” కుప్పమ్మ అరిచింది. “నాయనను అంత మాట అంటావా?”

“అననీ,” అన్నాడు దేవప్ప. “వాడు అన్నది లేనిది కాదు.”

అరవై ఏళ్ళు సంతలో తలెత్తుకు తిరిగిన మనిషి, బయటి ఊరి పిల్ల ముందర, తన వాకిట్లో, తన గుడ్డ పేలికను చూసుకుంటూ కూర్చున్నాడు. నాగవేణి ఆయననే చూస్తూ నిలబడింది. చీటీలో ఏముందో చదివి చెప్పింది తను. చెత్తలో పోకుండా తీసింది తను. నోరు తెరిస్తే చాలు, ఆ మాట ఆయన మీద నుంచి దిగిపోతుంది.

నోరు తెరిస్తే బుడ్డమ్మ కూడా పోతుంది. తొమ్మిది లక్షల పెట్టెను ఏ మగవాడు వెనక్కి ఇస్తాడు?

బాలాజీ వసారా కింద వెతికాడు. మల్లెపొద కదిపాడు. పేడదిబ్బ మీద మోకాళ్ళేసి రెండు చేతులతో కెలికాడు. చివరకు లేచి, పేడ చేతులతోనే నాగవేణి ముందుకు వచ్చి నిలబడ్డాడు.

“పొద్దున వాకిలి ఊడ్చింది నువ్వు కదా? నువ్వేమన్నా సూస్తివా?”

“నన్ను అడిగే అలవాటు ఎప్పటినుంచి వచ్చింది?” అంది నాగవేణి.

అది అబద్ధం కాదు. జవాబూ కాదు. బాలాజీ ఆ మాటకు తల దించుకుని పక్కకు పోయాడు.

జాహ్నవి సంచీ సర్దుకుంది. “రేపు మధ్యాహ్నం దాకా మదనపల్లెలోనే ఉంటా అన్నా. చీటీ దొరికితే ఫోన్ చెయ్యి. కొనే మనిషి ఉండాడు.” దేవప్ప దగ్గర ఆగి, “బాధపడొద్దు తాతా. పాత సరుకు అంటే జనాలకు శుభ్రం చెయ్యాలనే అనిపిస్తాది. శానా ఇండ్లలో జరిగేదే,” అని చెప్పి బస్సుకు పోయింది.

దేవప్ప ఆ ఓదార్పును కూడా తల వంచుకునే తీసుకున్నాడు.

*

ఆమె పోయి పది నిమిషాలు కాలేదు, బాలాజీ ఫోన్ మోగింది. కుప్పం నుంచి మధుసూదన్ సారు. చేతులు పేడగా ఉన్నాయని బాలాజీ స్పీకరు పెట్టాడు.

“బాలాజీ, రేపు పొద్దున్నే సంతకు వస్తాండా. ఆడనే కొత్త పలుపు కొనేస్తా. నీకేమన్నా మనసు మారింటే ఇప్పుడే చెప్పప్పా. తరువాత అంటే నేను ఒప్పుకోను.”

“ఆవు ఎట్లుండాది సార్?”

“దూడ బాగుండాది. ఇది మాత్రం సరిగ్గా మేయదు. పగలంతా గేటు దిక్కే సూస్తా నిలబడతాది. అలవాటు అవుతాదిలే. ఆ, ఇంకోటి. మీ ఇంట్లో దీనికి బెల్లం పెడతారా? వంటింట్లోకి తల పెట్టి అడుగుతాండాది.”

కొట్టంలో నాగవేణి గుంజ పట్టుకుని కూర్చుండిపోయింది.

“రేపు కలుస్తా సార్,” అని బాలాజీ ఫోన్ పెట్టేసి లోపలికి పోయాడు.

ఎండ దిగుతోంది. వీధిలో మేతకు పోయిన గొడ్లు ఇళ్ళకు వస్తున్నాయి. మువ్వల చప్పుడు వచ్చిన ప్రతిసారీ నాగవేణి తల అటు తిరిగింది. ప్రతిసారీ అది వేరే ఇంటికి పోయింది.

దేవప్ప వచ్చి కొట్టం అరుగు మీద కూర్చున్నాడు. కాసేపటికి లేచి గాడిలో ఎండిన గడ్డి సర్దాడు. తినేవాళ్ళు ఎవరూ లేరని గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

“మామా.”

“చెప్పమ్మా.”

నాగవేణి చెయ్యి మళ్ళీ కొంగు ముడి మీదికి పోయింది. పొద్దుటి నుంచి అది ఎన్నిసార్లు అక్కడికి పోయిందో ఆమెకు తెలియదు. దేవప్పకు తెలుసు. ఎదుటివాడి ముఖం కాదు, చెయ్యి చూసి బతికిన మనిషి ఆయన.

ఆయన అడగలేదు. భుజం మీది తుండుగుడ్డ తీసి తన కుడిచేతి మీద పరిచి, ఆ చేతిని ఆమె ముందుకు చాపాడు.

సంతలో బేరమంతా అలాగే జరుగుతుంది. తుండుగుడ్డ కింద కొనేవాడి వేళ్ళు, అమ్మేవాడి వేళ్ళు. పైన ఎవరూ నోరు తెరవరు. ఒక వేలు పట్టుకుంటే ఒక మాట, రెండు పట్టుకుంటే ఇంకో మాట. అక్కడ ఆడవాళ్ళ చెయ్యి ఎన్నడూ దూరలేదు. నాగవేణి ఒక్క క్షణం తటపటాయించి, తన చెయ్యి ఆ గుడ్డ కిందికి పోనిచ్చింది.

ముసలాయన వేళ్ళు అడిగాయి. ఎంత?

ఆమె ఒక్క వేలు పెట్టింది.

దేవప్ప కనుబొమలు ముడిపడ్డాయి. ఒక వేయి కాదు, ఒక లక్షా కాదు. ఆయన ఖాళీ గుంజ వైపు చూశాడు. అర్థమైంది. ఒక్క ఆవు. ఈ బేరంలో ఆమెకు కావలసింది అదొక్కటే.

నాగవేణి రెండో చేత్తో కొంగు ముడి విప్పింది. మడతపడకుండా దాచిన కాగితాన్ని గుడ్డ కిందికి జరిపి ఆయన అరచేతిలో పెట్టింది. పొద్దున తనే నానబెట్టి ఊడదీసిన దాన్ని ఆ వేళ్ళు గుర్తుపట్టాయి. అంచులకు నూనె ఇంకా ఉంది.

“నేను దీన్ని ఇస్తే బుడ్డమ్మ రాదు,” అంది మెల్లగా. “ఇయ్యకపోతే నీకు పడిన మాట పోదు. తోలే ముందర ఆయన నన్ను అడిగుంటే, నేనే పలుపు చేతికిచ్చేదాన్నేమో మామా. అడగలేదు. నాకు తెలియటం లేదు. ధర నువ్వే చెప్పు.”

దేవప్ప కాగితం అంచును బొటనవేలితో తడిమాడు. జీవితంలో ఎన్ని వేల గొడ్లకు ధర కట్టాడో లెక్కలేదు, ధర తేల్చలేకపోవడం మాత్రం మొదటిసారి.

అప్పుడే బాలాజీ లోపల్నుంచి వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చకోర్ పెట్టెను దుప్పటిలో చుట్టి, తాడు కట్టి, చంకన పెట్టుకుని ఉన్నాడు. తల్లిని పిలవలేదు. నేరుగా పెళ్ళాం ముందుకే వచ్చాడు.

“నాగవేణీ, రేపు పొద్దున నువ్వు కూడా సంతకు రా. దీన్ని సారుకు ఇచ్చేసి, బుడ్డమ్మను తోలుకొస్తాం. నిన్ను అడక్కుండా చేసినా. నీ ఆవును నేను ఇయ్యకూడదు. తప్పు నాదే.” తరువాత తండ్రి వైపు తిరిగాడు. “నాయనా, నిన్ను అన్న మాట...”

అది పూర్తి చెయ్యలేకపోయాడు. కన్నీళ్ళు తుడుచుకుని చూసేసరికి, తండ్రి చేతి మీద పరిచిన తుండుగుడ్డ కనబడింది. దాని కింద భార్య చెయ్యి కూడా ఉంది.

“ఏంది నాయనా? ఎవురిదా బేరం?”

దేవప్ప కొడుకు చంకలోని మూట చూశాడు. ఖాళీ గుంజ చూశాడు. గుడ్డ కింద తొమ్మిది లక్షల కాగితం ఆయన అరచేతికి అంటుకుని ఉంది, దాని మీద కోడలి ఒక్క వేలు ఇంకా అలాగే ఉంది.

ఆయన చెయ్యి బయటికి తియ్యలేదు. గుడ్డ కింద ఆ ఒక్క వేలును గట్టిగా పట్టుకున్నాడు.